బేతాళుడి షరతు: యువ ఫాంటసీ నవలలపై అపోహలు – వాస్తవాలు

అనంతపురం నుంచి కదిరి పోయే దారిలో ఉన్న బత్తలపల్లె లాంటి చోట హైస్కూలు పిల్లల చేతిలో పాఠ్యపుస్తకం కాని పుస్తకం కనబడితే పెద్దలు మొదట అడిగేది ‘ఇది పరీక్షకు పనికొస్తుందా’ అని. అందులోనూ అది మాంత్రికులు, ప్రేతాత్మలు, మాయాద్వీపాలు ఉన్న నవల అయితే ఇక అడగడం కూడా ఉండదు, తీర్పే. పరాయి సరుకనీ, కాలక్షేపమనీ, మూఢనమ్మకాలకు మేత అనీ తేల్చేస్తారు. ఈ తీర్పుల్లో చాలావాటికి ఆధారం లేదు. కొన్నిటిలో సగం నిజం ఉంది. ఆ సగం నిజాన్ని విడదీసి చెప్పాల్సింది సమీక్ష. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వయసువారి కోసం వచ్చే ఊహా సాహిత్యం విషయంలో మనకు తక్కువైంది ఊహ కాదు, రచయితలూ కాదు. వచ్చిన పుస్తకాన్ని వెతికి పట్టుకుని, చదివి, మంచిచెడ్డలు తూచి చెప్పేవాళ్లు తక్కువయ్యారు.

అపోహ: ఈ రకం నవలలు ఇంగ్లీషు నుంచి దిగుమతి అయినవి.

వాస్తవం: దిగుమతి అయినది పేరు, అట్ట, ప్రచారం. ఈ వయసు చదువరుల కోసం అమెరికా గ్రంథాలయ సంఘం 1957లోనే ప్రత్యేక విభాగం పెట్టింది. 1997లో హ్యారీ పాటర్, 2005లో ట్విలైట్, 2008లో హంగర్ గేమ్స్ వచ్చాక ఆ వర్గం ప్రపంచమంతా అమ్ముడుపోయే వ్యాపారమైంది. హ్యారీ పాటర్ తెలుగులోకీ వచ్చాడు. అయితే కథ మాత్రం మనకు అంతకు చాలా ముందే ఉంది. పదహారో శతాబ్దంలో పింగళి సూరన నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చిన కళాపూర్ణోదయంలో ఆకాశమార్గాన పోయే నారదుణ్ణి చూసిన కలభాషిణి ఒక వల్లమాలిన కోరికలో చిక్కుకుంటుంది. ఒకరి రూపం మరొకరు ధరిస్తారు, ఎవరు అసలో ఎవరు నకలో తెలియక పాత్రలే తికమకపడతాయి. ఇది పురాణంలోంచి తీసుకున్న కథ కాదు, కవి స్వయంగా అల్లినది. తర్వాత మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలను పన్నెండు భాగాలుగా రాశారు. 1951 నాటి పాతాళ భైరవి కథకు మూలం ఆ సంపుటాల్లోనే ఉంది.

‘అవి పాతకాలపు పెద్దల కథలు, కుర్రవాళ్ల నవలలు కావు కదా’ అనవచ్చు. దానికి జవాబు చందమామలో ఉంది. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, భల్లూక మాంత్రికుడు వంటి పన్నెండు ధారావాహికలు రాశారు. వాటిలో నాయకులు యువకులు. ఇల్లు విడిచి అడవిలోకో, కొండలోకో, సముద్రం మీదికో వెళ్తారు. ప్రమాదాన్ని సొంత తెలివితో దాటుతారు. పెద్దల సాయం చాలక తామే నిర్ణయాలు తీసుకుంటారు. ఈ రోజు యువ ఫాంటసీ అని చెప్పి అమ్మే నవలకు ఉండే లక్షణాలు ఇవే. మరి వీటిని మన సాహిత్య చరిత్ర ఆ స్థానంలో ఎందుకు పెట్టలేదు? ధారావాహికలు రచయిత పేరు లేకుండా వచ్చాయి. నెలనెలా ఎదురుచూసి చదివిన తరాలకు అవి ఎవరు రాశారో తెలియలేదు. పేరు లేని పుస్తకాన్ని విమర్శకుడు పట్టించుకోడు, విమర్శకుడు పట్టించుకోని రచన చరిత్రకు ఎక్కదు. సుబ్రహ్మణ్యం 2010లో కన్నుమూశారు. ఆయనకు రావాల్సిన గుర్తింపులో చాలా భాగం ఆలస్యంగా వచ్చింది. సంప్రదాయం లేక కాదు, లెక్క రాసేవాళ్లు లేక ఈ సాహిత్యం పరాయిదిగా కనబడుతోంది.

అపోహ: కరువు సీమకు కావలసింది వాస్తవిక సాహిత్యం, మాయల కథలు బతుకు నుంచి పారిపోవడమే.

వాస్తవం: ఈ మాట వెనుక న్యాయమైన గర్వం ఉంది. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ఈ పీఠభూమి, చెనిక్కాయ పంట పోయిన రైతు గురించి, వలస గురించి, అప్పు గురించి తెలుగుకు గొప్ప కథలిచ్చింది. సింగమనేని నారాయణ లాంటి వారి కథలు చదవకుండా ఈ నేల అర్థం కాదు. కానీ వాస్తవికతను, ఊహను రెండు శత్రు శిబిరాలుగా పెట్టడం ఈ నేల రచయితలే చేయని పని. 1915లో తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం ఎండిన పెన్న గురించి పెన్నేటి పాట రాశారు. ఆయనే బాణుడి కాదంబరిని తెలుగు చేశారు. చిలుక కథ చెప్పే, జన్మజన్మలు దాటి ప్రేమ సాగే కావ్యం అది. ఆయనకు రెంటి మధ్యా పేచీ కనబడలేదు.

ఇక జనం సంగతికొస్తే, బత్తలపల్లెకు పొరుగునే ఉన్న ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట చూడవచ్చు. తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది ఆ ఊరి నుంచే. మేకతోలును శుభ్రం చేసి, గీకి, వెలుతురు చొరబడేంత పలచన చేస్తారు. దాని మీద బొమ్మ గీసి, రంగులు వేసి, నగలు ఉండాల్సిన చోట ఉలితో సన్నని చిల్లులు పొడుస్తారు. తెర వెనుక దీపం పెట్టగానే ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగే హారమవుతుంది, కిరీటమవుతుంది. ఆ తెర మీద ఆడే కథల్లో మైరావణుడిది ఒకటి. హనుమంతుడు తోకతో కోట కట్టి కాపలా కాసినా, మైరావణుడు మారువేషంలో లోపలికి చొరబడి రామలక్ష్మణుల్ని పాతాళానికి ఎత్తుకుపోతాడు. మారువేషం, పాతాళ లోకం, కాపలా, ప్రాణరహస్యం అన్నీ ఉన్న ఈ కథను ఇక్కడి జనం కరువు ఏళ్లలోనూ రాత్రంతా కూర్చుని చూశారు. తెల్లవారి చేనికి పోయారు కూడా. పారిపోయినవాడు తిరిగి రాడు. కథ విన్నవాడు తిరిగి వచ్చి పని చేసుకుంటాడు. ఈ తేడా తెలియకుండా పలాయనవాదం అనే ముద్ర వేయడం తొందరపాటు.

అపోహ: దయ్యాలు, చేతబడులు ఉన్న నవలలు పిల్లల్లో మూఢనమ్మకాలు పెంచుతాయి.

వాస్తవం: సగం నిజం ఇక్కడే ఉంది. ముందు నిజం కాని సగం చూద్దాం. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామను నడిపిన కొడవటిగంటి కుటుంబరావు మార్క్సిస్టు, సైన్సు వ్యాసాలు రాసినవాడు, 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘం (విరసం) వ్యవస్థాపకుల్లో ఒకరు. బేతాళుణ్ణి, రాక్షసుల్ని, మాంత్రికుల్ని దాదాపు మూడు దశాబ్దాలు తెలుగు పిల్లల ఇళ్లకు పంపింది ఆయనే. సంపాదకుడు హేతువాది అయినంత మాత్రాన చదువరి హేతువాది అవుతాడా అంటే, కాడు. అయితే చందమామ కథలో మంత్రం ఎక్కడో పేరు తెలియని రాజ్యంలో ఉంటుంది, దానికి విరుగుడు ధైర్యమో యుక్తో అవుతుంది. కథ మూసేశాక పక్కింటి ముసలమ్మను అనుమానించాలని పిల్లవాడికి తోచదు.

అన్ని నవలలూ అలా ఉండవు. యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం చేతబడిని నేటి కుటుంబం నడిమింటికి తెచ్చింది. ఆ ఒరవడికి క్షుద్ర సాహిత్యమనే పేరు పడింది. రంగనాయకమ్మ ‘తులసిదళం’ కాదు ‘గంజాయి దమ్ము’ అంటూ ఏకంగా పుస్తకమే రాశారు. ఆమె తీర్పుతో ఏకీభవించినా, లేకపోయినా ఒకటి ఒప్పుకోవాలి: ఒక జనాదరణ నవలను పట్టించుకోదగినదిగా భావించి, చదివి, వాదించిన విమర్శ అది. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు ఉన్న సమాజంలో ఆ ఆందోళన ఉత్తది కాదు. అలాగని సమకాలీన నేపథ్యమే తప్పు అనలేం. విశ్వనాథ సత్యనారాయణ హాహాహూహూలో గుర్రం తల గంధర్వుడు లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. అంతా తమకే తెలుసనుకునే పండితుల అతిశయమే అక్కడ నవ్వులపాలవుతుంది. కాబట్టి సమీక్షకుడు వేయాల్సిన ప్రశ్న ‘ఇందులో దయ్యం ఉందా’ అని కాదు. ‘ఈ పుస్తకం మూసేశాక చదువరి వేలు ఎవరి వైపు తిరుగుతుంది’ అన్నది. ఒంటరి ఆడదాని వైపో, ఫలానా కులం వైపో, తండా వైపో తిరిగితే ఆ మాట సమీక్షలో గట్టిగా రాయాలి. తిరగకపోతే దయ్యం ఉందన్న ఒక్క కారణంతో పుస్తకాన్ని కొట్టేయకూడదు.

అపోహ: మంత్రాల కథలో ఏదైనా జరగొచ్చు, అందులో తర్కం వెతకడం అనవసరం.

వాస్తవం: ఇది అన్నిటికన్నా పెద్ద అపోహ. చెడ్డ నవలలకు రక్షణ కవచం కూడా ఇదే. బేతాళ కథల చట్రాన్ని తీసుకోండి. జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై శవంతో సహా బేతాళుడు చెట్టెక్కుతాడు. షరతు రెండు వాక్యాల్లో అయిపోయింది. ఇక రాజుకు తప్పించుకునే దారి లేదు. మూలంలోని పాతిక కథలు అయిపోయాక కూడా చందమామ అదే చట్రంలో దశాబ్దాలపాటు కొత్త కథలు అల్లగలిగిందంటే ఆ షరతు అంత బిగువుగా ఉండబట్టే. ‘ఈసారికి వదిలేస్తున్నా’ అని బేతాళుడు ఒక్కసారి అని ఉంటే చట్రం కూలిపోయేది. ఉర్సులా లెగ్విన్ 1968లో యువ చదువరుల కోసం రాసిన ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ కూడా ఇలాంటి బిగువైన నియమం మీదే నిలబడింది. అక్కడ వస్తువు అసలు పేరు తెలిస్తేనే దాని మీద అధికారం వస్తుంది, మంత్రం వేసిన ప్రతిసారీ లోకపు తూకం కదులుతుంది. ఆ నవల నాయకుడు గెడ్ గొప్పకు పోయి చేసిన మంత్రానికి వెలగా అతని నీడే అతన్ని వెంటాడుతుంది. అందుకే కొత్త నవల చేతికొస్తే మొదట చూడాల్సింది మంత్రానికి వెల ఉందా, ఆ వెల చివరిదాకా వసూలైందా అన్నదే. నూరో పేజీలో అసాధ్యమన్న పనిని మూడు వందలవ పేజీలో నాయిక కన్నీటి చుక్కతో సాధిస్తే అది ఊహ కాదు, రచయిత చేతులెత్తేయడం.

దీనికి ఎదురుగా మరో పొరపాటు ఉంది. ఒక పుస్తకం పెట్టుకున్న నియమాన్ని ఇంకో పుస్తకం మీద రుద్దడం. ట్విలైట్‌లో రక్తపిశాచులు ఎండలో మెరుస్తారు. ‘అసలు పిశాచి ఎండకు కాలిపోవాలి కదా’ అని ఎగతాళి చేసినవాళ్లు లెక్కలేనంత మంది. కానీ ఈ జాతిలో అందరికన్నా పేరుమోసిన బ్రామ్ స్టోకర్ డ్రాకులా (1897) పగటిపూట లండన్ వీధుల్లో తిరుగుతాడు. అతని శక్తి పగలు తగ్గుతుంది, అంతే. ఎండ తగిలి నశించిపోవడం 1922 నాటి జర్మన్ మూకీ సినిమా నోస్ఫెరాటుతో వచ్చిన సంగతి. ట్విలైట్‌ను విమర్శించడానికి వేరే కారణాలు కావలసినన్ని ఉండొచ్చు, ఇది మాత్రం కాదు. తన నియమం పెట్టుకునే హక్కు ప్రతి నవలకూ ఉంది. దాన్ని నిలబెట్టుకోవాల్సిన బాధ్యతా ఉంది. సమీక్షకుడికి ఈ రెండూ తెలియాలి, ఆ రకం పుస్తకాల వంశవృక్షమూ కొంత తెలియాలి.

అపోహ: కొత్త పుస్తకాలు నగరాల వాళ్లకే దొరుకుతాయి, జాబితాలు, స్టార్లు చూసి కొనుక్కుంటే చాలు.

వాస్తవం: దొరకడం కష్టమన్నది నిజమే, దారి లేదన్నది అబద్ధం. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. అంటే పన్ను కట్టే ప్రతి ఇల్లూ పుస్తకాలకు ముందే డబ్బు చెల్లించింది. ఏ పుస్తకం కావాలో పేరు, రచయిత, ప్రచురణకర్తతో సహా గ్రంథాలయంలో రాసివ్వడం చదువరి హక్కు. ఏ పేరు రాయాలన్నదే చిక్కు. 2010 నుంచి సాహిత్య అకాడమీ తెలుగుతో సహా భారతీయ భాషలకు ఏటా ఇస్తున్న బాల సాహిత్య పురస్కారాల పట్టిక ఒక ఆధారం. ఒక మంచి అనువాదం దొరికితే ఆ అనువాదకుడి మిగతా పుస్తకాలు వెతకడం మరొకటి. స్టార్ల సంగతి వేరు. ప్రచురణకర్తలు విడుదలకు ముందే సమీక్షకులకు ఉచిత ప్రతులు పంపడం పరిపాటి. అందులో తప్పు లేదు, దాచిపెడితేనే తప్పు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో మార్గదర్శకాలు సవరించి, ప్రతిఫలం అందుకుని మెచ్చుకునేవాళ్లు ఆ సంగతి బయటపెట్టాలని స్పష్టం చేసింది. మన పత్రికల్లో ‘స్వీకారం’ శీర్షిక కింద నాలుగు వాక్యాలు రాసి వదిలేసే అలవాటుకు ఈ నిజాయితీ నేర్పాలి.

‘ఇంత పరిశీలన పదిహేనేళ్ల పిల్లల పుస్తకానికి అవసరమా’ అని చివరి అభ్యంతరం. పెద్దవాళ్లు చెడ్డ నవల చదివితే విసుక్కుని పక్కన పెడతారు. పదిహేనేళ్లవాడు ఒక చెడ్డ నవలతో చదవడమే మానేస్తాడు. వాడి ముందు కోచింగ్ సెంటరుంది, ఫోనుంది, పుస్తకానికి దక్కేది ఒకే అవకాశం. కాబట్టి సమీక్ష అంటే కథ సగం చెప్పి ‘మిగతాది వెండితెరపై’ అన్నట్టు ఊరించడం కాదు. ముగింపు చెప్పకుండా మంత్రపు షరతు చెప్పాలి, వెల వసూలైందో లేదో చెప్పాలి, చదువరి వేలు ఎవరి వైపు తిరుగుతుందో చెప్పాలి, భాష ఆ వయసుకు అందుతుందో లేదో చెప్పాలి. బాగా లేనిదాన్ని బాగా లేదని కారణంతో సహా చెప్పాలి. బత్తలపల్లె హైస్కూల్లో ఒక ఉపాధ్యాయుడు నెలకొక పుస్తకానికి ఈ నాలుగు ప్రశ్నలూ వేసి జవాబులు గోడ పత్రికకు ఎక్కించినా, తెలుగు పత్రికల్లో చాలా సమీక్షల కన్నా అది మెరుగైన పని.