దసరాకు వచ్చి ఉగాదికి వెళ్ళేవారు

విజయదశమి వెళ్ళిన మరుసటి వారం నుండి మన టౌన్‌షిప్ ముఖద్వారం వద్ద ఆటోల రాకపోకలు పెరుగుతాయి. ముందుగా ఊరగాయ జాడీలు దిగుతాయి, తరువాత అప్పడాల కట్టలు, మందుల సంచి, చివరగా కొడుకు చేయి పట్టుకొని ఒక పెద్దాయనో పెద్దావిడో నెమ్మదిగా నేలమీద అడుగు పెడతారు. కార్తీకమాసం ప్రవేశించేనాటికి పిల్లల ఉయ్యాలల పక్కనున్న సిమెంటు బల్లలన్నీ 70 ఏళ్ళు దాటినవారితో నిండిపోతాయి. ఫాల్గుణం చివరకు వచ్చేసరికి ఆ బల్లలు మళ్ళీ ఖాళీ. సూరత్‌లో పనిచేస్తున్న మేము ఏటా చూస్తున్న దృశ్యమే ఇది. అయినా ఈ ఐదు నెలల జనాభా మన టౌన్‌షిప్ రిజిస్టరులో ఏ పుటలోనూ కనిపించదు.

అమెరికాలోని అరిజోనా ఎడారిలో 1960 జనవరి 1న సన్ సిటీ అనే ఊరు ఆరంభమైంది. పదవీ విరమణ చేసినవారి కోసమే కట్టిన ఊరది. ఉత్తరాది మంచు భరించలేని వృద్ధులు ఏటా చలికాలంలో అటువంటి ఊళ్ళకు తరలిపోతారు. వారికి సొంత ఇల్లు, సొంత క్లబ్బు, సొంత వార్తాపత్రిక ఉంటాయి. మన పెద్దలకు అటువంటి ఊరు లేదు. కొడుకు క్వార్టరులోని రెండో పడకగదే వారి ఊరు. అయితే కబుర్లు మాత్రం ఏ ఊరికీ తీసిపోవు. ఎవరి మోకాలి నొప్పి ఎంతవరకు వచ్చింది, రేపల్లెలో ఎవరి మనుమరాలికి సంబంధం కుదిరింది, కూరగాయల బండి ఈరోజు ఎందుకు ఆలస్యమైంది అన్నవి సాయంత్రం ఐదు గంటలకల్లా బల్లల మీద చర్చకు వచ్చేస్తాయి.

ఈ రాకకు కారణం కొంత వాతావరణం, కొంత భయం. కోస్తాలో దసరా నుండి కార్తీకం వరకు తుపానుల కాలం. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగిన మా తల్లిగారికి ఆ నెలలో గాలి కాస్త హోరెత్తితే ఇప్పటికీ నిద్రపట్టదు. ఆ సమయానికి సూరత్‌లో వానలు వెనుదిరిగి ఉంటాయి. డిసెంబరు, జనవరి రాత్రులలో కూడా చలి 15 డిగ్రీల ప్రాంతంలోనే ఆగుతుంది. ఒక శాలువాతో గడిచిపోయే చలి అది. మా తండ్రిగారు మాత్రం కార్తీకంలో ఏనాడూ రాలేదు. సార్వా కోతలు, నూర్పిళ్ళు పూర్తయి కౌలు డబ్బు చేతికి వచ్చిన తరువాతనే ఆయన రైలెక్కేవారు. భార్యాభర్తలు వేర్వేరు నెలల్లో ప్రయాణం చేయడం మా ఇంట్లో ఆనవాయితీగా ఉండేది.

వచ్చినవారికి ఇక్కడి భాష ఒక సమస్య అని మనం అనుకుంటాము గాని, వారికి అది అంత పెద్దదిగా తోచదు. గుజరాతీలో కొత్తిమీరను 'కోథ్‌మీర్' అంటారు. ఆ ఒక్క మాట పట్టుకొని మా తల్లిగారు కూరగాయలామెతో 10 నిమిషాలు బేరం సాగించగలరు. ఆమె మా తల్లిగారిని 'బా' అని పిలుస్తుంది, అంటే అమ్మ. చలికాలంలో ఇక్కడ వండే ఊంధియులో పడే పాపడీ మన చిక్కుడుకాయకు దగ్గరి చుట్టమే. అందులోనే గుత్తివంకాయల వంటి చిన్న వంకాయలు, కందజాతి దుంపలు కూడా ఉంటాయి. అన్నిటికన్నా సంతోషం కలిగించిన సంగతి పొంక్. నవంబరు చివరి నుండి తాపీ నది అవతల అడాజణ్ వైపు లేత జొన్న కంకులను నిప్పుల మీద కాల్చి, గింజలు దులిపి, సేవ్ కలిపి అమ్ముతారు. మా ఎదుటి క్వార్టరుకు పాలమూరు నుండి వచ్చిన ఒక పెద్దాయన మొదటిసారి అది నోట్లో వేసుకొని, "ఇవి మా ఊచబియ్యమే గదా!" అని కళ్ళు తుడుచుకున్నారు. ఆయన ఊళ్ళో జొన్న వేయడం మానివేసి చాలా ఏళ్ళయిందట.

అసలు చిక్కు కాగితాల వద్ద వస్తుంది. మనిషి ఐదు నెలలు ఇక్కడ ఉన్నా, ఆయనకు సంబంధించిన సమస్త కాగితాలూ స్వగ్రామంలోనే ఉంటాయి. బ్రతికి ఉన్నామని ఏటా చెప్పుకోవలసిన లైఫ్ సర్టిఫికెట్‌నే తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు దానిని నవంబరులో ఇవ్వాలి. 80 ఏళ్ళు నిండినవారికి అక్టోబరు 1 నుండే అవకాశం ఉన్నది. 2014 నవంబరులో 'జీవన్ ప్రమాణ్' వచ్చిన తరువాత ఊరికి పోవలసిన అవసరం తప్పిందని మేము సంబరపడ్డాము. తీరా చూస్తే నాట్లు వేసి, అంట్లు తోమి అరిగిపోయిన వేళ్ళను ఆ యంత్రం గుర్తించలేదు. ఒక సహోద్యోగి తల్లిగారు యంత్రం మీద పదివేళ్ళూ మార్చి మార్చి పెట్టి, చివరకు "నేను లేనని చెప్తోందా ఇది?" అని అడిగారు. 2021 నవంబరులో ముఖాన్ని ఫోనులో చూపి గుర్తింపు పొందే సదుపాయం వచ్చిన తరువాతనే అటువంటివారికి ఊరట లభించింది.

మన ప్లాంటులో కాంట్రాక్టు పద్ధతిపై పనిచేసే ఒక టెక్నీషియన్ తల్లికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పెన్షనే ఆధారం. 2024 జూలై నుండి అది నెలకు 4,000 రూపాయలు. ఒకటవ తేదీన ఇంటి గుమ్మం వద్దనే ఇస్తారు. మంచి ఏర్పాటే. కాని ఆ రోజున గుమ్మంలో మనిషి ఉండాలి కదా! ఆమె 2వ తేదీన రైలెక్కి, నెల తిరగకముందే వెనుకకు బయలుదేరుతుంది. దసరా, ఉగాది లెక్క ఆమెకు వర్తించదు. కెనడాలోని ఒంటారియోలో కూడా 12 నెలల్లో 212 రోజులకు మించి దేశం బయట గడిపితే ప్రభుత్వ వైద్యబీమా నిలిచిపోవచ్చునట. రోజులు లెక్కబెట్టుకునే అవస్థ ధనిక దేశాల వృద్ధులకూ తప్పలేదన్నమాట.

కాగితం లేకపోతే ఏమవుతుందో మేము స్వయంగా అనుభవించాము. కొన్నేళ్ళ క్రితం, ఒక ఫిబ్రవరి తెల్లవారుజామున మా తండ్రిగారు స్నానాలగదిలో జారిపడ్డారు. తలకు దెబ్బ తగిలింది, స్పృహ మాత్రం ఉన్నది. నగరంలోని ఒక ఆసుపత్రికి తీసుకొని వెళ్ళగానే అక్కడి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "రక్తం పలుచబడే మందు ఏదైనా వాడుతున్నారా?" అన్నది. గుండె లయ తప్పుతున్నదని ఆయన ఏవో మాత్రలు వేసుకుంటున్నట్లు మాకు తెలుసు. వాటి పేర్లు తెలియవు. ఆయన మాత్రలన్నిటినీ అట్టల నుండి విడదీసి ఒకే ప్లాస్టిక్ డబ్బాలో పోసుకొని తెచ్చుకున్నారు. తెల్లనివి, పసుపువి, సగం విరిచినవి అన్నీ అందులోనే. ఆయనను అడిగితే "చిన్న బిళ్ళ, రాత్రిది" అన్నారు. చీటీలు రేపల్లెలో ట్రంకు పెట్టెలో ఉన్నాయి. తాళంచెవి మా తల్లిగారి కొంగున, ఇక్కడ, సూరత్‌లో ఉన్నది.

పొరుగింటివారికి ఫోను చేసి పెట్టె తాళం పగులగొట్టించి, ఆ చీటీని ఫోటో తీయించి తెప్పించుకునేసరికి రెండు గంటలు దాటింది. అటువంటి మందు వాడేవారికి తలలో రక్తస్రావం మొదలైతే అది త్వరగా ఆగదని, ఏ మందు వాడారో తెలిస్తేనే విరుగుడు సరిగా ఇవ్వగలమని డాక్టరు తరువాత వివరించారు. అదృష్టవశాత్తు స్కానింగులో రక్తస్రావం కనిపించలేదు. 30 ఏళ్ళుగా ప్లాంటులో ప్రతి వాల్వుకూ చీటీ కట్టించి, ప్రతి పంపుకూ చరిత్ర పుస్తకం రాయించిన మేము, ఇంట్లో ఉన్న తండ్రిగారు వేసుకునే నాలుగు మాత్రల పేర్లు రాసిపెట్టుకోలేదు. ఆ ఉదయం ఆసుపత్రి వరండాలో మాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఆ సంవత్సరమే మన మహిళా సమితి సభ్యులు ఒక పని ప్రారంభించారు. ఊరి నుండి ఎవరు వచ్చినా మొదటి వారంలోనే వారింటికి వెళ్ళి ఒక అరఠావు కాగితం రాయిస్తారు. మందుల పేర్లు, మోతాదు, ఊరి డాక్టరు ఫోను, అక్కడ ఇంటి తాళం ఎవరి దగ్గర ఉన్నదన్న వివరం, అంతే. ఒక ప్రతి డిస్పెన్సరీలో, ఒకటి ఇంట్లో తలుపు వెనుక. మొదట్లో కొందరు పెద్దలు అభ్యంతరపెట్టారు. తమ జబ్బుల సంగతి బల్లల మీద కబురవుతుందని వారి భయం. అది నిరాధారమైన భయమని మేము అనలేము.

ఆశ్రితుల ఆదాయ పరిమితి కారణంగా మన సంస్థ వైద్య సదుపాయం కొందరి తల్లిదండ్రులకు అందదు. మా తండ్రిగారు విశ్రాంత ఉపాధ్యాయులు. ఆయన పెన్షను ఆ పరిమితిని దాటింది. అటువంటివారు ఒక విషయం గమనించాలి. 2024 అక్టోబరు 29 నుండి 70 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభించేటట్లు పథకాన్ని విస్తరించారు. ఆధార్ ఉంటే కార్డు చేయించుకోవచ్చు. పథకంలో చేరిన ఆసుపత్రి ఏ రాష్ట్రంలో ఉన్నా అది చెల్లుతుంది. సూరత్ వచ్చిన తరువాత కాకుండా, బయలుదేరకముందే ఆ కార్డు చేయించడం మేలు.

ఈ సందర్భంలో లింబాయత్, ఉధనా ప్రాంతాల తెలుగువారిని తలచుకోకుండా ఉండలేము. తెలంగాణ జిల్లాల నుండి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన నేతకుటుంబాలు అక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నదంటే వారి సంఖ్యను ఊహించవచ్చు. వారి వృద్ధుల ప్రయాణం మనవారికి తలక్రిందులు. జీవితమంతా సూరత్‌లో మగ్గం ముందు నిలబడి, ఇప్పుడు బతుకమ్మకో, దీపావళి సెలవులకో ఊరికి వెళ్ళి కొన్ని నెలలు ఉండి వస్తారు. భవిష్యనిధి గాని, పెన్షను గాని లేకుండా పనిచేసినవారు వారిలో ఎందరో. మన పెద్దలు ఇక్కడ అతిథులైతే, వారు రెండుచోట్లా అతిథులే. దేశమంతటా ఒకే రేషన్ కార్డు విధానం 2022 నాటికి అన్ని రాష్ట్రాలలో అమలులోకి వచ్చినందువలన, జాతీయ ఆహార భద్రత కింద కార్డు ఉన్నవారు ఎక్కడున్నా తమ ధాన్యం తీసుకోగలుగుతున్నారు.

ఇక క్వార్టర్ల మాట. పెద్దలున్న ప్రతి ఇల్లూ కింది అంతస్తు కోరుతుంది. 2006 ఆగస్టును చూసినవారు మాత్రం దానికి జంకుతారు. ఆ నెల 7వ తేదీ మొదలుకొని, సుమారు 100 కిలోమీటర్ల ఎగువనున్న ఉకాయి జలాశయం నుండి 9 లక్షల క్యూసెక్కులకు మించి నీరు విడుదలై తాపీ నది నగరాన్ని ముంచెత్తింది. మా కింది ఇంట్లో నీరు స్విచ్చిబోర్డుల వరకు వచ్చింది. ఆ సమయంలో పెద్దలు దాదాపు అందరూ ఊళ్ళలోనే ఉన్నారు. కంటి శస్త్రచికిత్స కోసం ఆగిన ఒక ముసలమ్మను మాత్రం నలుగురం కుర్చీతో సహా రెండో అంతస్తుకు ఎత్తుకుపోయాము. వరదలు వచ్చేది వర్షాకాలంలో, పెద్దలు వచ్చేది చలికాలంలో కనుక, ఆ ఐదు నెలలకు క్వార్టర్లు పరస్పరం మార్చుకునే వీలు కల్పించాలని మేము చాలాకాలంగా కోరుతున్నాము. దస్త్రం నడుస్తున్నది.

మా తండ్రిగారు మూడేళ్ళ క్రితం ఊళ్ళోనే కాలం చేశారు. పోతే అక్కడే పోవాలన్న ఆయన కోరిక తీరింది. తాపీ సాక్షాత్తు సూర్యపుత్రి అని, దాని ఒడ్డునున్న అశ్వినీకుమార్ ఘాట్ పుణ్యస్థలమని ఎవరెంత చెప్పినా ఆయన ఆ మాట వినిపించుకునేవారు కారు. ఇప్పుడు మా తల్లిగారు ఒంటరిగా వస్తున్నారు. వచ్చిన మరునాటి నుండే తిరుగు ప్రయాణం గురించి అడుగుతారు. వెనుక 120 రోజుల ముందే రిజర్వేషను దొరికేది కనుక, ఉగాది టికెట్టు డిసెంబరుకల్లా చేతిలో పెట్టి ఆమెను నిమ్మళపరచగలిగేవాళ్ళం. 2024 నవంబరు 1 నుండి ఆ గడువు 60 రోజులకు తగ్గింది. పెద్దల రాయితీ అంతకుముందే, 2020 మార్చిలో నిలిచిపోయింది. డబ్బు పోయినందుకు ఆమెకు విచారం లేదు. టికెట్టు కంటికి కనబడకపోవడమే విచారం.

మొన్న ఉత్తరాయణం నాడు ఆకాశమంతా గాలిపటాలు. దారపు మాంజా మెడకు తగులుతుందని ఆమెను స్కూటరు మీద ఎక్కడికీ తీసుకొని వెళ్ళలేదు. వరండాలో ఎండకు కూర్చొని గోడ కేలెండరు ఒళ్ళో పెట్టుకొని, వేలితో ఉగాది నుండి వెనుకకు 60 రోజులు లెక్కబెట్టారు. రెండుసార్లు లెక్కబెట్టి మమ్మల్ని పిలిచారు.

"నవజీవన్‌కు తెరిచే రోజున నీకు డ్యూటీ ఏదిరా అబ్బాయీ?"

జనరల్ షిఫ్టేనని చెప్పాము.

"అయితే ఎనిమిదింటికే కూర్చో. కింది బెర్తు అడుగు. బెజవాడ దాకా."