వెండి ధర ఒకటే, బుట్ట ఎవరిది వారిదే

బీదర్‌లో బిద్రీ సామాన్లు అమ్మే దుకాణానికి వెబ్‌సైట్ కడుతున్నామనుకుందాం. జింకు, రాగి కలిపి పోతపోసిన పాత్రమీద వెండి పొదుగుతారు. కోటలోని మట్టి కలిపిన ద్రావణం తగిలాక లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే మెరుస్తుంది. వెండి ధర రోజూ మారేదే. అది సైట్‌లో పైపట్టీలో, ప్రతి వస్తువు దగ్గర, బుట్ట మొత్తంలో కూడా కావాలి.

రియాక్ట్, వ్యూ వంటి ఫ్రేమ్‌వర్కులు పేజీని కాంపొనెంట్లనే చిన్న ముక్కలుగా రాయిస్తాయి. ఒక ముక్కలోని వేరియబుల్ పక్కముక్కకు కనిపించదు. అది లోపం కాదు, రక్షణ. తల్లి కాంపొనెంట్ పిల్లకు ప్రాప్స్‌గా విలువ అందించడం మొదటి పద్ధతి. ఒకటి రెండు మెట్ల వరకు ఇంతకంటే మంచిది లేదు. అయిదారు మెట్లు దిగాలంటే నడిమి ముక్కలు తమకు అక్కరలేని బరువు మోస్తాయి. అప్పుడు వ్యూలో ప్రొవైడ్-ఇంజెక్ట్, రియాక్ట్‌లో కాంటెక్స్ట్ ఆదుకుంటాయి: పైన ఉంచిన విలువను కింద కావలసిన ముక్క నేరుగా అందుకుంటుంది.

ఫంక్షన్ల సంగతి తేలిక. వెండి బరువు, ధర, కూలి ఇస్తే మొత్తం చెప్పే ఫంక్షన్ తనలో ఏదీ దాచుకోదు. విడి ఫైలులో రాసి ఎక్కడికైనా ఇంపోర్ట్ చేసుకోవచ్చు. పైథాన్ వాళ్ల టెంప్లేట్ సాధనం జింజాలో మాత్రం ఒక మెలిక ఉంది. ఇన్‌క్లూడ్ చేసిన టెంప్లేట్‌కు పేజీలోని వేరియబుల్స్ వాటంతటవే అందుతాయి. ఇంపోర్ట్ చేసిన మాక్రోకు, అంటే టెంప్లేట్‌లో రాసుకునే ఫంక్షన్‌కు, ‘విత్ కాంటెక్స్ట్’ అని రాస్తేనే అందుతాయి. మాక్రోకు కావలసినవన్నీ ఆర్గ్యుమెంట్లుగా ఇవ్వడమే నాకు మేలనిపిస్తుంది. ఏది ఎక్కడినుంచి వచ్చిందో చదివేవారికి తెలుస్తుంది.

అసలు చిక్కు మారే విలువలతోనే. వ్యూలో ఒక ఫైలు పైభాగాన ‘రెఫ్’ (మారితే పేజీలోనూ మారే విలువ) పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తే, తీసుకున్న ముక్కలన్నీ ఒకే విలువను చూస్తాయి. బ్రౌజర్‌లో ఒక్కరే ఉంటారు కనుక ఇబ్బంది లేదు. పేజీని సర్వర్ మీదే తయారుచేస్తే ఆ ఫైలు ఒక్కసారే లోడవుతుంది, వచ్చినవారందరికీ అదే వేరియబుల్. బీదర్ పక్కనున్న నౌబాద్‌లోని బహమనీల నాటి కరేజ్ అనే నీటి ఏర్పాటు లాంటిదే ఇది: నేల కింద కాలువ ఒకటే, పైన బావులెన్నో. ఆ వేరియబుల్‌లో పేజీ భాష ఉంటే, జహీరాబాద్ నుంచి ఒకరు తెలుగు ఎంచుకున్నప్పుడు ఉద్గీర్‌లో మరాఠీ కావాలన్నవారికి తెలుగు పేజీ రావచ్చు. బుట్ట అలా కలిస్తే ఒకరి చిరునామా మరొకరి కంటపడుతుంది.

అందుకే పంచుకునేముందు ఆ విలువ ఎవరిదో తేల్చుకోవాలి. వెండి ధర అందరిదీ, ఫైలు పైభాగాన ఉండొచ్చు. భాష, బుట్ట ఒక్కొక్కరివి. సర్వర్‌కు వచ్చే ప్రతి రిక్వెస్టుకూ కొత్త యాప్ సృష్టించి, వాటిని ప్రొవైడ్‌తో ఇవ్వాలి. ధరనైనా ‘రీడ్‌ఓన్లీ’గానే బయటికి ఇచ్చి, మార్చే పని ఒకే ఫంక్షన్‌కు అప్పగిస్తే, ఎప్పుడైనా తప్పు ధర కనబడినప్పుడు వెతకాల్సిన చోటు ఒక్కటే ఉంటుంది.