కోడుమూరు వీథులు: నిలిచిన బండ్లు, నడువలేని జనులు

ప్రొద్దుననే కర్నూలు బస్సు నందుకొనవలెనని లద్దగిరి, ప్యాలకుర్తి, గోరంట్ల మొదలగు గ్రామములనుండి జనులు మోటారుసైకిళ్ళపై కోడుమూరు చేరుదురు. బస్సు కదలుటకు రెండు నిమిషములున్నవి. బండిని ఎక్కడనో యొకచోట నిలుపవలెను. బస్‌స్టాండు దాపున ఉన్న చోటు ఆటోలకును తోపుడుబండ్లకునే చాలదు. కావున ప్రక్కవీథిలో ఎవరి యరుగు చెంతనో బండి నిలిపి, తాళము వేసి, పరుగెత్తి బస్సెక్కుదురు. మరల దీపములు పెట్టు వేళదాక ఆ బండి కడ్డు పలుకువాడు లేడు.

ఆ యింటివాడు తలుపు తీయును. వాకిట నాలుగు బండ్లు. గొడ్డును బయటికి తోలవలెనన్న దారి లేదు. ముసలితల్లి మెట్టు దిగి వీథిలో కాలు పెట్టవలెనన్న రెండు బండ్ల నడుమ ఒదిగి పోవలెను. సాయంకాలము బండివాడు వచ్చినపుడు మాటకు మాట పెరుగును. "వీథి నీ తాతదా?" యని వాడు, "నీ తాతదియు గాదు గదా" యని వీడు. ఇద్దఱి మాటయు నిజమే. వీథి యెవని తాతదియు గాదు. అందఱిదియు నగుటచేతనే దానిని ఆలకించు నాథుడు లేకపోయినాడు.

మొదటనే ఒక మాట చెప్పవలెను. బస్సెక్కు నా మనుష్యుడు మనకు శత్రువు గాడు. కోడుమూరునుండి కర్నూలు నలువది కిలోమీటర్లకు లోపే. కచేరీలు, కళాశాలలు, పెద్దాసుపత్రి, కూలిపని సమస్తము నక్కడ నున్నవి. పల్లెపల్లెకు వేళకు బస్సు పోదు. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశమున స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచితప్రయాణము కల్పింపబడినది, మంచిదే. కాని పల్లెనుండి బస్సుదాక వచ్చుట యెట్లు, వచ్చిన బండిని నిలుపుట యెక్కడ అను ప్రశ్నను ఎవరును వేసికొనలేదు. బస్సు నిచ్చినవారు బండికి చోటీయలేదు.

ఇక శాసనము సంగతి. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 117వ సెక్షను బండ్లు నిలుపుటకు తగిన తావులను స్థానికసంస్థలతో ఆలోచించి నిర్ణయించు అధికారమును ప్రభుత్వమునకు ఇచ్చుచున్నది. 122వ సెక్షను ఇతరులకు అపాయమో అడ్డంకియో కలుగునట్లు బండి నిలుపరాదనుచున్నది. 127వ సెక్షను ప్రకారము పది గంటలకు మించి దిక్కులేక బహిరంగస్థలమున నిలిచిన బండిని పోలీసువారు తొలగింపవచ్చును. ఏడుగంటలకు బస్సెక్కి ఆఱు గంటలకు దిగు నుద్యోగి ప్రతిదినమును ఈ సెక్షనునకు లోబడుచునే యున్నాడన్నమాట! జరిమానా 2019 సవరణవలన మొదటి తప్పునకు 500 రూపాయలు, తరువాతి తప్పులకు 1,500 రూపాయలు. చట్టమున లోపము లేదు. చోటు చూపకుండ జరిమానా వేసినచో మాత్రము అది న్యాయమనిపించుకొనదు.

ఈ చింత మనకు క్రొత్తదియు గాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున మనుష్యులును చిన్నపశువులును నడచు దారి నడ్డగించినవానికి 12 పణములు, పెద్దపశువుల దారి నడ్డగించినవానికి 24 పణములు, ఊరి దారిని శ్మశానపు దారిని అడ్డగించినవానికి 200 పణములు దండము విధించెను. దారి ఎంత మందికి ఉపకరించునో దండమంత హెచ్చుట గమనింపదగినది. మనకు బళ్ళారి రోడ్డున నిలిపినను, బడిపిల్లలు నడచు సందున నిలిపినను జరిమానా యొకటే.

కేవలము వాకిలి మూసికొనిపోవుటయే అయినచో ఇంత వ్రాయవలసిన పని లేదు. ప్రాణముల మాట వచ్చినది. ఇరుప్రక్కల బండ్లు నిలిచిన వీథిలో నడచువాడు నడిమికి రాక తప్పదు. నడుమ ఆటోలు, ట్రాక్టర్లు, పడుచువాండ్ర మోటారుసైకిళ్ళు. నిలిచిన రెండు బండ్ల నడుమనుండి బంతి వెంట పరుగెత్తి వచ్చు పిల్లవాడు తోలువానికి కనబడడు, కనబడునప్పటికి మించిపోవును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక సెకనులో 16 మీటర్లు దాటును. 30 కిలోమీటర్ల వేగమున 8 మీటర్లు. మనుష్యుడు చూచి, తెలిసికొని, బ్రేకుపై కాలు మోపుటకే ఒక సెకను పట్టును. మన వీథి వెడల్పెంత, వాకిళ్ళ నడుమ దూరమెంత యని కొలిచికొన్నవారికి తక్కినది చెప్పనక్కఱలేదు. అట్లయ్యు 2018 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పరమావధి పట్టణపు రోడ్లపై కార్లకు 70, మోటారుసైకిళ్ళకు 60 కిలోమీటర్లు! రాష్ట్రమువారు దీనిని తగ్గింపవచ్చును. 2020లో స్టాక్‌హోమున సమావేశమైన దేశములు జనులును బండ్లును కలిసి మెలగు చోట 30 కిలోమీటర్లకు మించరాదని ప్రకటించినవి. 2022లో మన దేశమున రోడ్డుప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో కాలినడకన పోవువారు 32,825 మంది. అనగా దినమునకు తొంబదిమంది, ఏ బండియు నెక్కనివారు.

మగ్గపువారి మాట యొకటి కలదు. కోడుమూరు నేతకు పేరుపొందిన యూరు. పడుగు సాచి సరిచేయుటకు నిడుపైన వీథి కావలెను. ఉదయపు చల్లదనము కావలెను. సరిగా నా వేళకే బండ్లు వచ్చి నిలుచును. కఱ్ఱలు పాతి నూలు సాచినవాడు బండి హారను వినబడగానే పడుగు నెత్తి దారి యీయవలెను. తెగిన పోగులు ముడివేయుటలో పోయిన కాలమునకు ఎవరును కూలి యీయరు. ఇంటివాని అసౌకర్యమునకు నోరున్నది. నేతగాని నష్టమునకు అదియు లేదు.

చదువరులలో కొందఱికి ఇక చెప్పబోవు మాట రుచింపకపోవచ్చును. వీథి నిరుకు చేసినవారు పల్లెనుండి వచ్చినవారు మాత్రమే గారు. మురుగుకాలువపై బండలు పఱచి మెట్లను వీథిలోనికి దింపినది మనము. కారు ఎక్కుటకు వాకిట సిమెంటు వాలు కట్టినది మనము. బండ్లు నిలువకుండ రాళ్ళు దొర్లించి తుమ్మకంప వేయువారమును మనమే. చీకటిలో ఆ రాతికి తగిలి పడువాడు ఎవడో యెవరికి తెలియును? సేద్యపు పని ముగియగానే ట్రాక్టరు ట్రాలీని కొట్టమున నుంచక, వెనుక ఎఱ్ఱబిళ్ళయైన లేకుండ వీథిమలుపున రాత్రియంతయు విడుచునది కూలివాడు గాడు, భూస్వామి. వారి బండి చిన్నది, మన ట్రాలీ పెద్దది.

హైదరాబాదు అనుభవము చూడుడు. మెట్రోరైలు వచ్చిన పిమ్మట స్టేషనుల చెంత కాలనీలలో ఇదే తగవు పుట్టినది. 2024 ఆగస్టులో నాగోలు స్టేషను చెంత ఉచితముగా బండ్లు నిలుపు తావున రుసుము వసూలు చేయబోగా ప్రయాణికులు ధర్నాకు దిగిరి. నిర్వాహకులు ఆ పనిని వాయిదా వేసిరి. రుసుము హెచ్చైన కొలది బండి ప్రక్కవీథికి జారును. కావున కోడుమూరులో తావు చూపునపుడు అది బస్సునకు దగ్గఱగను, నామమాత్రపు రుసుముతోను ఉండవలెను. కాపలా యున్నచో ఆ రుసుము నిచ్చుటకు మనవారు వెనుదీయరు. దొంగల భయము వారికిని కలదు.

జపానులో 1962 నాటి చట్టమువలన బండి నిలుపుటకు తన కొక తావు కలదని పోలీసువారి పత్రము చూపనిదే కారు కొనుట సాధ్యము గాదు. హాలెండులో 1971లో ఒక్క యేట మూడువేలకు పైగా జనులు, వారిలో నాలుగువందలకు మించిన పిల్లలు, రోడ్లపై మరణింపగా తల్లిదండ్రులు వీథులలోనికి వచ్చిరి. 1976లో నివాసవీథులలో బండి మనిషి నడకతో సమానముగా పోవలెనని అక్కడ శాసనమైనది. అది ప్రభుత్వమువారు తమంత దామై ప్రసాదించినది గాదు.

మనకు జపాను చట్టము ఇప్పుడే అక్కఱలేదు. పంచాయతీవారును ఆర్టీసీవారును కలిసి బస్‌స్టాండు దాపున చదునుచేసిన యెకరములో సగమైనను నీడతోకూడ ఏర్పఱుపవలెను. వీథికొక ప్రక్కనే బండ్లు నిలుపవలెనని గీత గీయవలెను. మగ్గపు వీథులలో ఉదయము తొమ్మిదిగంటలవఱకు బండి నిలుపరాదు. బడి చెంతను, మలుపులలోను వేగమును తగ్గించు నడ్డుకట్టలు కావలెను. అవియు రాత్రి కనబడునట్లు తెల్లరంగు పూసి యుండవలెను. 2025 మే నెలలో సుప్రీంకోర్టు కాలిబాటపై నడచు హక్కు జీవించు హక్కులోని భాగమే యని చెప్పియున్నది. వచ్చు గ్రామసభకు ఈ కోరికలను వ్రాసి తీసికొనిపోవువారు, ముందుగా తమ వాకిటి రాళ్ళను తీసివేసి, ట్రాలీని కొట్టమున చేర్చి పోయినచో, పల్లెలవారును ఆ కాగితముపై సంతకము చేయుదురు.