వెలగని ఎయిర్‌బ్యాగ్ దీపం.. అది క్షేమానికి గుర్తు కాదు

కారు ఇగ్నిషన్ ఆన్ చేయగానే డ్యాష్‌బోర్డుపై పలు హెచ్చరిక దీపాలు ఒక్కసారిగా వెలిగి, కొద్ది సెకన్లలో ఆరిపోతాయి. కూర్చున్న మనిషి ఎదుట గుండ్రని బంతి ఉన్నట్లు కనిపించే చిహ్నం వాటిలో ఎయిర్‌బ్యాగ్‌కు సంబంధించినది. అది ఆరకుండా వెలుగుతూనే ఉంటే యజమానులు ఆందోళన చెంది సర్వీస్ సెంటరుకు వెళతారు. అసలు వెలగకపోతే మాత్రం ఏ లోపమూ లేదనుకుని ఊరుకుంటారు. నిజానికి రెండో పరిస్థితిలోనే ఎక్కువ అప్రమత్తత అవసరం.

మన దేశంలో కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులై 1 నుంచి తప్పనిసరి అయింది. ముందు సీటులోని ప్రయాణికునికి కూడా ఎయిర్‌బ్యాగ్ ఉండాలన్న నిబంధన కొత్త మోడళ్లకు 2021 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అప్పటికే విపణిలో ఉన్న మోడళ్లకు అదే ఏడాది డిసెంబరు 31 వరకు గడువిచ్చారు. ఆ కార్లలో అనేకం ఇప్పుడు సెకండ్ హ్యాండ్ విపణిలో చేతులు మారుతున్నాయి. అందువల్ల ఈ చిన్న దీపం గురించి తెలుసుకోవడం కొనుగోలుదారులకూ ముఖ్యమే.

దీపం చెప్పేదేమిటి?

ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థకు ప్రత్యేకంగా ఒక నియంత్రణ యూనిట్ ఉంటుంది. ఢీకొన్న తీవ్రతను సెన్సర్ల ద్వారా గ్రహించి, రెప్పపాటుకన్నా తక్కువ సమయంలో సంచి తెరుచుకునేలా విద్యుత్ సంకేతం పంపేది ఇదే. ఇగ్నిషన్ ఆన్ చేసిన ప్రతిసారీ ఇది సెన్సర్లను, వైర్లను, సీటుబెల్టును బిగించే పరికరాలను స్వయంగా పరీక్షించుకుంటుంది. దీపం వెలగడమంటే హెచ్చరించే మార్గం పనిచేస్తోందని, ఆ తర్వాత ఆరిపోవడమంటే పరీక్షలో లోపం కనిపించలేదని అర్థం. దీపం అసలు వెలగకపోతే ఎయిర్‌బ్యాగ్ పాడైందని చెప్పలేం, బాగుందనీ చెప్పలేం. లోపం తలెత్తినా తెలిపే సాధనం లేదన్నదే అసలు సమస్య.

యజమాని చేయదగిన పరిశీలన

ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి డ్యాష్‌బోర్డును గమనించాలి. ఏ దీపమూ వెలగకపోతే మీటర్ల ప్యానెల్‌కు విద్యుత్ అందడం లేదని భావించాలి. బ్యాటరీ, సంబంధిత ఫ్యూజులే అప్పుడు మొదటి అనుమానితులు. మిగిలినవన్నీ వెలిగి ఎయిర్‌బ్యాగ్ చిహ్నం ఒక్కటే వెలగకపోతే బల్బు లేదా ఎల్ఈడీ పాడై ఉండవచ్చు, ప్యానెల్ సర్క్యూట్‌లో లోపం ఉండవచ్చు, లేదా దీపాన్ని ఎవరైనా ఉద్దేశపూర్వకంగా పనిచేయకుండా చేసి ఉండవచ్చు.

ఇంకో సూక్ష్మ విషయం కూడా ఉంది. ఎయిర్‌బ్యాగ్ దీపం కచ్చితంగా ఆయిల్ ప్రెషర్ లేదా బ్యాటరీ దీపంతో పాటే వెలిగి, ఇంజిన్ స్టార్ట్ కాగానే దానితో పాటే ఆరిపోతుంటే దాని వైరును ఆ దీపానికి కలిపారేమోనని పరీక్ష చేయించాలి. మామూలుగా ఈ దీపం తన స్వీయ పరీక్ష ముగిశాకే ఆరుతుంది. ఇంజిన్ స్టార్ట్ కావడంతో దానికి సంబంధం లేదు.

వర్క్‌షాపులో ఏం చేయాలి?

తర్వాతి దశ స్కానర్ పరీక్ష. చౌకగా దొరికే ఓబీడీ పరికరాలలో చాలావరకు ఇంజిన్ లోపాలను మాత్రమే చదువుతాయి. ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌తో మాట్లాడగల స్కానర్ ఉన్న చోటికే వెళ్లాలి. యూనిట్ స్కానర్‌కు బదులిచ్చి దీపం మాత్రం వెలగకపోతే లోపం ప్యానెల్ వైపు ఉన్నట్లు. యూనిట్ బదులివ్వకపోతే దాని ఫ్యూజు, ఎర్త్ వైరు, కనెక్టరు, ఆ తర్వాత యూనిట్‌ను వరుసగా పరిశీలిస్తారు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. చాలా ఆధునిక కార్లలో యూనిట్ నుంచి సంకేతాలు ఆగిపోతే ప్యానెల్ తనంత తానుగా దీపాన్ని వెలిగిస్తుంది. అటువంటి కారులో యూనిట్ మౌనంగా ఉండి దీపం కూడా వెలగలేదంటే రెండు లోపాలు ఒకేసారి తలెత్తాయి, లేదా ఎవరో జోక్యం చేసుకున్నారు.

పాత కారు కొనేటప్పుడు

ప్రమాదంలో ఒకసారి తెరుచుకున్న ఎయిర్‌బ్యాగ్‌ను మళ్లీ వాడలేం. కొత్తది అమర్చడం ఖరీదైన పని. ఆ ఖర్చు తప్పించుకోవడానికి కొందరు ఖాళీ కవరు బిగించి దీపాన్ని తొలగిస్తారు. మరికొందరు ఎయిర్‌బ్యాగ్ స్థానంలో రెసిస్టర్ పెట్టి యూనిట్‌నే ఏమారుస్తారు. అప్పుడు దీపం మామూలుగానే వెలిగి ఆరుతుంది. కాబట్టి దీపం ఒక్కటే తుది రుజువు కాదు. స్టీరింగ్ కవరు, డ్యాష్‌బోర్డు అతుకులు, సీటుబెల్టుల స్థితిని నిపుణుని చేత చూపించాలి. వరద నీటిలో మునిగిన కార్లలో మరింత జాగ్రత్త అవసరం. అనేక మోడళ్లలో ఎయిర్‌బ్యాగ్ యూనిట్ గేర్ లివర్ సమీపాన, నేలకు దగ్గరగా ఉంటుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ వరదల వంటి సందర్భాలలో నీళ్లు ముందుగా చేరేది అక్కడికే.

చేయకూడనివి

ఎయిర్‌బ్యాగ్ వైర్లకు మల్టీమీటరు గానీ టెస్ట్ ల్యాంపు గానీ తగిలించరాదు. ఆ స్వల్ప విద్యుత్తే సంచిని పేల్చగలదు. స్టీరింగ్ కవరును ఇంట్లో విప్పడం ప్రాణాపాయం. బ్యాటరీ తీసేసినా యూనిట్‌లోని కెపాసిటర్లలో కొంతసేపు విద్యుత్ నిల్వ ఉంటుంది. తయారీదారు సూచించిన సమయం గడిచాకే శిక్షణ పొందిన మెకానిక్ పని మొదలుపెట్టాలి.

లోపం సరిదిద్దే వరకు సీటుబెల్టు పెట్టుకోవడం మరింత ముఖ్యం. ఎయిర్‌బ్యాగ్ దానికి తోడుగా రూపొందించినదే తప్ప ప్రత్యామ్నాయం కాదు. మరమ్మతు పూర్తయిందని చెప్పిన రోజు కారు తీసుకునే ముందు ఇగ్నిషన్ ఆన్ చేసి, దీపం వెలిగి ఆరడాన్ని స్వయంగా చూసుకోవాలి. స్కానర్ నివేదికను కూడా అడిగి తీసుకోవాలి.