నవ్వు బాగుంటే సరిపోదు

"కేసు ఎంత బాగా వచ్చిందో చూడండక్కా" అంటూ ఇక్కడ డాలస్‌లో పళ్ల వరస సరిచేసే ఆర్థోడాంటిక్స్‌లో రెసిడెన్సీ చేస్తున్న తెలుగు పిల్లలు ముందుగా చూపించేది పేషెంటు నవ్వు ఫోటోనే. ఎత్తుపళ్లు లోపలికి వెళ్లాయి, సందులు మూసుకున్నాయి. "అది వాళ్లమ్మకు చూపించు, నాకు పళ్ల అచ్చులూ ఎక్స్‌రేలూ తీసుకురా" అంటాను. బోర్డు పరీక్షకు తయారీ అక్కడ మొదలవుతుంది.

అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఆర్థోడాంటిక్స్ 1929లో పుట్టింది. దంతవైద్యంలో మొదటి స్పెషాలిటీ బోర్డు అదే. ఒకప్పుడు అభ్యర్థులు తాము పూర్తిచేసిన కేసుల రికార్డులు మోసుకెళ్లి పరీక్షకుల ముందు పెట్టేవారు. 2019 నుంచి క్లినికల్ పరీక్షలో బోర్డే కేసులిచ్చి ప్రశ్నలడుగుతోంది. రోగ నిర్ధారణ, ప్రణాళిక, చికిత్స నడిపే తీరు అయ్యాక, నాలుగో విభాగం ఫలితాన్ని విమర్శించడం. పిల్లలు తడబడేది ఈ చివరిదాంట్లోనే.

విమర్శకు కొలత కావాలి. బోర్డు తయారుచేసిన పద్ధతిలో ఎనిమిది అంశాలున్నాయి. ఏడు అచ్చుల మీద చూస్తారు: పళ్ల వరస, దవడ పళ్ల అంచుల ఎత్తు, అవి లోపలికో బయటికో ఒరిగిన తీరు, పైపళ్లు కిందిపళ్లకంటే ఎంత ముందుకున్నాయి, కొరికినప్పుడు తగులుతున్నాయా, పైవీ కిందివీ సరైన జోడీలో కూర్చున్నాయా, మధ్యలో సందులు మిగిలాయా. ఎనిమిదోది పంటి వేళ్ల వాలు, దాన్ని ఎక్స్‌రేలో చూడాలి. వరసలో అర మిల్లీమీటరు దాటి తేడా ఉంటే ఒక పాయింటు, మిల్లీమీటరు దాటితే రెండు పోతాయి. సొంత కేసుల రోజుల్లో కోత 20 లోపుంటే సాధారణంగా గట్టెక్కేవి, 30 దాటితే తప్పేవి.

ఎక్కువగా పాయింట్లు పోయేది చివరనున్న రెండో దవడ పళ్ల దగ్గర. వాటిని నోట్లో చూడటమూ కష్టమే, క్లిప్పు అతికించడమూ కష్టమే. ముందువైపు కోరపన్ను పక్కనుండే పైపళ్లు కూడా తరచూ కాస్త తిరిగి ఉంటాయి.

అయితే పాయింట్లు లెక్కపెట్టి ఊరుకుంటే అది విమర్శ కాదు. ఎత్తుపళ్లు తగ్గాయి, సరే, ఎలా తగ్గాయి? పైపళ్లు వెనక్కి వెళ్లాయా, కింది దవడ పెరిగిందా, కింది ముందుపళ్లు ముందుకు ఒరిగాయా? నవ్వులో మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. చికిత్సకు ముందూ తర్వాతా పక్కనుంచి తీసిన తల ఎక్స్‌రేలను ఒకదానిమీద ఒకటి పరిచి చూస్తేనే తేడా తెలుస్తుంది. మూడోదే అయితే కింది పళ్లు మళ్లీ వంకర తిరిగే ప్రమాదం ఉంది, చిగురు పలచనైతే అదీ కిందికి జారవచ్చు.

అందుకే "ఫలితం బాగుంది" అని రాసిన జవాబు కొట్టేస్తాను. ఏం కనిపించింది, ఎందుకలా అయింది, ముందే ఏం చేసుండాల్సింది, ఇప్పుడేం చేయాలి: నాలుగూ ఉండాలి. "దవడ పళ్ల అంచులు ఎగుడుదిగుడు" అంటే చాలదు. క్లిప్పు ఎత్తు తప్పిందనీ, తీగ తీసేముందే మళ్లీ అతికించాల్సిందనీ చెప్పాలి.

ఇది చదివి అర మిల్లీమీటరు తేడాకు మీ డాక్టరుతో గొడవపడకండి. క్లిప్పులు తీశాక కొన్ని నెలల్లో పళ్లు కొంత సర్దుకుంటాయి. కానీ తీసే ముందు రెండు ప్రశ్నలు అడగండి: చివరి దవడ పళ్లు సరిగా కూర్చున్నాయా? వేళ్లు ఎలా ఉన్నాయో ఎక్స్‌రేలో చూశారా? పని శ్రద్ధగా చేసిన డాక్టరుకు ఆ ప్రశ్నలు నచ్చుతాయి.