‘మానవ స్వభావం’ అనే సాకు: కన్యాశుల్కంలో వ్యంగ్యం

“మనిషి స్వభావమే అంత” అన్న మాట మన ఊళ్ళలో రోజుకు ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కలేదు. లంచం పుచ్చుకున్న గుమాస్తా గురించి ఆ మాటే అంటారు. పక్కవాడి పొలం గట్టు జరిపి తన చేలో కలుపుకున్న ఆసామి గురించీ ఆ మాటే అంటారు. సభలో కులనిర్మూలన మీద గంటసేపు ఉపన్యసించి, ఇంటికి వెళ్ళి శాఖాభేదం కూడా లేకుండా సంబంధం వెతుక్కునే పెద్దమనిషి గురించీ అదే మాట. ఆ మాట అనేశాక ఇక చర్చ సాగదు. తప్పు చేసినవాడికి ఊరట, చూసినవాడికి తీరిక దొరుకుతాయి.

సాహిత్యంలోనూ ఈ మాటకు గౌరవం తక్కువేమీ కాదు. “రచయిత మానవ స్వభావంలోని లోపాలను వ్యంగ్యంగా చిత్రించారు” అనే వాక్యం పీఠికల్లో, పరీక్ష జవాబుల్లో, సన్మానపత్రాల్లో తరచూ కనిపిస్తుంది. వేమనకూ అదే వాక్యం, గురజాడకూ అదే వాక్యం, నిన్న మొన్న హాస్యకథ రాసినవాడికీ అదే వాక్యం. అందరికీ సరిపోయే వాక్యం ఎవరి గురించీ ఏమీ చెప్పదు. అందుచేత వ్యంగ్యం అసలు ఏ లోపాన్ని పట్టుకుంటుంది, దాని వేరు ఎక్కడుందని చూపిస్తుంది, ఎవరిని చూసి నవ్వమంటుంది అన్న ప్రశ్నలను కన్యాశుల్కం ఆధారంగా పరిశీలించడం అవసరం.

లోపాన్ని స్వభావంగా చూడడం చాలా పాత పద్ధతి. అరిస్టాటిల్ శిష్యుడైన థియోఫ్రాస్టస్ ముప్పై రకాల మనుషులను వర్ణించి పెట్టాడు. ముఖస్తుతి చేసేవాడు, పిసినారి, వాగుడుకాయ, పిరికివాడు, ఇలా సాగుతుంది ఆ జాబితా. 1668లో ప్రదర్శించిన మోలియర్ ‘పిసినారి’ నాటకం ఈ మూస మనిషికి రక్తమాంసాలిచ్చింది. మన దగ్గర పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు ఆంగ్లంలోని ‘స్పెక్టేటర్’ వ్యాసాల ఒరవడిలో ‘సాక్షి’ వ్యాసాలు రాసి, జంఘాలశాస్త్రి నోట లోకంలోని అవకతవకల నెన్నిటినో ఎండగట్టించారు. ఈ పద్ధతికి ఒక బలముంది. పాఠకుడు తన ఇరుగుపొరుగును వెంటనే గుర్తుపడతాడు. ఒక బలహీనత కూడా ఉంది. ఇరుగుపొరుగును గుర్తుపట్టినంత సులభంగా తనను తాను గుర్తుపట్టడు. అంతకంటే ముఖ్యంగా, ఆ పిసినారి ఎందుకు పిసినారి అయ్యాడన్న ప్రశ్న ఆ రచనలో పుట్టదు. పుట్టుకతోనే అంతే అన్నట్టు వాడు మన ముందు నిలబడతాడు.

తెలుగులో ఈ గీత దాటించే ప్రయత్నం కందుకూరి వీరేశలింగంగారితో మొదలయింది. 1876 నాటి ‘బ్రాహ్మవివాహము’లో ముసలివాడి పెళ్ళి, 1880 నాటి ‘వ్యవహార ధర్మబోధిని’లో ప్లీడర్ల మోసాలు ఆయనకు వస్తువులయ్యాయి. లోపం ఒక వ్యక్తిది కాదనీ, ఒక ఆచారానిదీ ఒక వృత్తిదీ అనీ ఆయన గుర్తించారు. అయితే ఆ ప్రహసనాల్లో మనుషులు చాలావరకు దుర్గుణాలకు తొడిగిన ముసుగులు. ఆ గుణాన్ని దండించడమే రచయిత లక్ష్యం కనుక మనిషికి ఊపిరాడే చోటు తక్కువ.

కన్యాశుల్కం మొదటిసారి 1892లో విజయనగరంలో ప్రదర్శితమయింది. అచ్చయినది 1897లో. బాగా పెంచి, తిరగరాసిన రెండవ కూర్పు 1909లో వెలువడింది. మొదటి కూర్పుకు గురజాడ ఆంగ్లంలో రాసిన పీఠికలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కాలంలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. లెక్కకు వచ్చినవి 1034. వాటిలో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవారు 44 మంది, మూడేళ్ళవారు 36 మంది, రెండేళ్ళవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. డబ్బు పుచ్చుకున్నట్టు ఒప్పుకోడానికి ఎవరూ ఇష్టపడరు కనుక జాబితా అసంపూర్ణమని కూడా గురజాడ చెప్పారు.

హాస్యనాటకానికి ముందు ఇలాంటి లెక్క ఎందుకు? ఇక్కడే గురజాడ దృష్టి తెలుస్తుంది. ఒక తండ్రి కూతుర్ని అమ్ముకుంటే అది అతని దురాశ అనవచ్చు. ఒక జిల్లాలో మూడేళ్ళలో వెయ్యికి పైగా తండ్రులు అమ్ముకుంటే దాన్ని దురాశ అని ఊరుకోలేం. అది ఒక బజారు. బజారున్నచోట ధర, దళారి, కొనుగోలుదారు, తగాదా, కోర్టు అన్నీ ఉంటాయి. గురజాడ పాత్రలు ఆ బజారులో తిరిగే మనుషులు.

అగ్నిహోత్రావధాన్లును చూడండి. పెద్దకూతురు బుచ్చమ్మ చిన్నతనంలోనే వితంతువై ఇంట్లో ఉంది. అది కళ్ళెదుట కనిపిస్తూనే ఉన్నా చిన్నకూతురు సుబ్బిని పద్ధెనిమిది వందలకు ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. కోపిష్ఠి, మొండివాడు, దావాల మీద మోజున్నవాడు. ఇవన్నీ అతని స్వభావంలోనివే. కాని తాను చేస్తున్నది తప్పని అతనికి ఒక్క క్షణమైనా తోచదు. తన చుట్టూ ఉన్న పెద్దమనుషులందరూ చేస్తున్న పనే తనూ చేస్తున్నాడు. ఇంట్లో భార్య మొత్తుకోవచ్చు, బావలో దూకవచ్చు. సమాజంలో మాత్రం అతనికి మర్యాద తగ్గదు. దురాశకు మర్యాద దొరికినప్పుడు అది స్వభావంలా కనిపించడం మొదలవుతుంది.

లుబ్ధావధాన్లు పిసినారి. పేరులోనే ఉంది. మోలియర్ పిసినారికి డబ్బు మీదే ప్రాణం. ఇతను మాత్రం డబ్బు పోసి బాలికను కొనడానికి తయారవుతాడు, మళ్ళీ ఆ ధర దగ్గర ప్రాణం పోయినట్టు విలవిల్లాడతాడు. ఆ లోభమే రామప్పపంతులు లాంటి దళారికి పట్టు దొరికే చోటు. తక్కువ ధరకు మరో పిల్ల దొరుకుతుందనగానే, పిల్ల వేషం వేసుకున్న మగపిల్లవాణ్ణి పెళ్ళాడి కూర్చుంటాడు. కొనుగోలు అన్నాక బేరం ఉంటుంది, బేరం ఉన్నచోట నకిలీ సరుకు రావడం ఖాయం. ఆ దృశ్యాలకు మనం నవ్వుతున్నది ఒక ముసలివాడి పిసినారితనానికి మాత్రమే కాదు. పెళ్ళి సరుకుల బేరంగా మారినప్పుడు దాని పద్ధతులన్నీ పెళ్ళికి ఎలా అంటుకుంటాయో చూసి నవ్వుతున్నాం.

ఇక గిరీశం. తరగతిలో కన్యాశుల్కం గురించి మాట్లాడినప్పుడల్లా పిల్లలకు అందరికంటే నచ్చేది గిరీశమే. ఎందుకు నచ్చాడని అడిగితే “భలే మాట్లాడతాడండీ మాస్టారూ” అంటారు. అది నిజమే. అయితే ఆ మాటలు ఎవరి దగ్గర చెల్లుబాటయ్యాయో చూడాలి. గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే విని వెంకమ్మ మురిసిపోయే దృశ్యముంది. వాళ్ళు పరస్పరం అప్పగించుకునేది చిన్నపిల్లల పద్యాలు, బడిలో బట్టీ పట్టిన ముక్కలు. తల్లికి అది విద్య. అవధాన్లుకు ఇంగ్లీషు తెలిసినవాడు ఇంట్లో ఉంటే కోర్టు వ్యవహారంలో పనికొస్తాడన్న ఆశ. కోర్టు భాష ఇంగ్లీషు, సర్కారు కొలువుకు దారి ఇంగ్లీషు. ఆ భాష రానివాళ్ళ ఇంట్లో నాలుగు ముక్కలు వచ్చినవాడు పండితుడు. గిరీశం గొప్పలు చెప్పుకునే గుణం ఎక్కడి నుంచి వచ్చినా, ఆ గుణానికి భోజనం పెట్టింది మాత్రం వలస పాలన తెచ్చిన ఆ అసమానతే. సంఘసంస్కరణ కూడా అతని చేతిలో ఇలాంటి నాణేమే. వితంతు వివాహం మీద అతను చెప్పేవన్నీ మంచిమాటలే. ఆ మంచిమాటలను ఒక అమాయకురాలిని లేవదీసుకుపోవడానికి వాడుకున్నాడు.

గురజాడ నవ్వుకు ఒక హద్దు ఉంది. బుచ్చమ్మ అమాయకత్వం చూసి మనకు నవ్వు వచ్చే సందర్భాలున్నా, ఆమెను రచయిత నవ్వులపాలు చెయ్యడు. లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి లోకం దృష్టిలో పతిత. నాటకంలో మాత్రం సిగ్గుపడవలసినవాడు ఆమెను వాడుకున్న రామప్పపంతులే. లోపం అందరిలోనూ ఉంది కదా అని అందర్నీ ఒకే గాటన కట్టడం న్యాయంలా కనిపించే అన్యాయం. దెబ్బ కొట్టినవాడి లోపం, దెబ్బ తిన్నవాడి లోపం ఒకటి కావు. ఈ తేడా తెలియని వ్యంగ్యం కుంటివాణ్ణీ గుడ్డివాణ్ణీ చూసి నవ్వే వెకిలితనానికి దిగుతుంది. మన సినిమాల్లో హాస్యం పేరుతో నడిచేదానిలో ఎంత భాగం ఇలాంటిదో పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

మంచివాణ్ణి కూడా ఆయన పూర్తిగా వదిలిపెట్టలేదు. సౌజన్యారావు నిజాయితీపరుడు, నిజంగా సంస్కర్త. అయినా వేశ్య మొహం చూడనన్న ఆయన పవిత్రత ఎంత ఇరుకైనదో పురుషవేషంలో వచ్చిన మధురవాణి బయటపెడుతుంది. ఆయన నియమం చెడకుండా కాపాడింది కూడా ఆమే. చెడ్డవాడి చెడును చూపడం సులభం. మంచివాడి మంచిలో ఉన్న గర్వాన్ని అతని మీద గౌరవం పోకుండా చూపడం కష్టం.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. “కన్యాశుల్కం పోయింది, వరకట్నం వచ్చింది. 1961లో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చినా ఇచ్చేవాళ్ళు ఇస్తూనే ఉన్నారు, పుచ్చుకునేవాళ్ళు పుచ్చుకుంటూనే ఉన్నారు. చూశారా, దురాశ మానవ స్వభావం కాక మరేమిటి?” ఈ వాదం బలంగానే కనిపిస్తుంది. కాని దురాశ అంత మారని గుణమే అయితే డబ్బు నడిచే దిక్కు ఎందుకు మారింది? సుబ్బికి ధర కట్టిన ఆ ఇంట్లోనే వెంకటేశాన్ని ఇంగ్లీషు బడికి పంపిస్తున్నారు. వాడు పరీక్షలు గట్టెక్కి గుమస్తా అయితే రేపు ధర పలికేది వాడికే. చదువూ ఉద్యోగమూ మగవాడి చేతిలో పెట్టి, ఆడపిల్లను బరువుగా లెక్కకట్టిన వ్యవస్థ తక్కెడను అటునుంచి ఇటు వంచింది. రెండు పద్ధతుల్లోనూ నష్టపోయింది ఆడపిల్లే. దురాశ పాతదే కావచ్చు. అది ఎవరి మెడకు చుట్టుకుంటుందన్నది మాత్రం ఏ కాలానికి ఆ కాలం తేల్చే విషయం. వ్యంగ్యకారుడు వెతకవలసింది దాన్నే.

మన అభ్యుదయ విమర్శకులలో కొందరు చేసే పొరపాటును కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ప్రతి లోపాన్నీ వ్యవస్థ ఖాతాలో రాసేసి మనిషిని విడిచిపెట్టడం ఆ పొరపాటు. ‘గిరీశం పాలకవర్గ సంస్కృతికి ప్రతినిధి’ అని ఒక చీటీ అంటించినంత మాత్రాన గిరీశం అర్థం కాడు. అదే విజయనగరంలో, అదే కాలంలో మధురవాణి కూడా బతికింది. ఆమె వృత్తి అబద్ధాల మీద నడిచేది. అయినా సమయం వచ్చినప్పుడు ఒక నిరపరాధిని హత్యానేరం నుంచి తప్పించడానికి నిలబడింది. పరిస్థితులు దారిని ఇరుకు చేస్తాయి, నడిచేది మనిషే. స్వభావం అనే మాట వ్యవస్థను కాపాడినట్టే, వ్యవస్థ అనే మాట మనిషిని కాపాడే ప్రమాదముంది.

ఈ రెండు చివర్లనూ తప్పించుకున్న మరో రచయిత రాచకొండ విశ్వనాథశాస్త్రి. ‘ఆరు సారా కథలు’లో సారా నిషేధం చుట్టూ అల్లుకున్న లోకంలో పోలీసులు, ప్లీడర్లు, సాక్షులు కనిపిస్తారు. అక్కడ అబద్ధం ఒక దుర్గుణంగా కాక, కూలి దొరికే ఒక పనిగా కనిపిస్తుంది. ఆ పని ఎవరు పురమాయిస్తున్నారో, ఎవరికి లాభమో తెలుస్తుంది. అయినా అందులో ఎవరూ బొమ్మలు కారు.

కనుక ఒక వ్యంగ్యరచన చదివినప్పుడు నవ్వు వచ్చిందా అని అడిగి ఊరుకోకూడదు. ఈ లోపం వల్ల ఎవరు బాగుపడుతున్నారు, ఎవరు చెడిపోతున్నారు, నా నవ్వు ఎవరి పక్షాన ఉంది అని కూడా అడగాలి. ఈ ప్రశ్నలకు నిలబడని హాస్యం కాలక్షేపంగా మిగిలితే మిగలనివ్వండి, దాన్ని లోకజ్ఞానమని మాత్రం పిల్లలకు నూరిపోయవద్దు. పరీక్ష జవాబులో “మానవ స్వభావంలోని లోపాలు” అని రాసిన విద్యార్థి ఎదురైతే, ఏ మానవుడి స్వభావమో, అది అలా ఎందుకు తయారయిందో ఇంకో రెండు వాక్యాలు రాయమందాం. సాహిత్యం చదవడం అతనికి అక్కడే మొదలవుతుంది.