అక్షరం, నాయకత్వం, చరిత్ర: తెలుగునాట మహిళా సంస్థల కృషి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
స్త్రీవిద్య, స్త్రీల నాయకత్వం, స్త్రీల చరిత్ర అనే మూడు రంగాలలోనూ తెలుగునాట స్వచ్ఛంద సంస్థలు శతాబ్దానికి పైగా కృషి చేశాయి. చదువు ముందు, నాయకత్వం తరువాత, చరిత్రలో స్థానం చివర అని ఈ మూడింటినీ వరుస మెట్లుగా భావించడం పరిపాటి. బృందావన స్త్రీసమాజం, ఆంధ్ర మహిళా సభ, స్త్రీశక్తి సంఘటన చేసిన పనిని ప్రధానంగా ఆధారం చేసుకొని ఆ భావనను పునఃపరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: స్త్రీవిద్య, మహిళా సంఘాలు, నాయకత్వం, మౌఖిక చరిత్ర, అక్షరాస్యత.

1. ఉపోద్ఘాతం:
కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాలను స్థాపించారు. మన స్త్రీవిద్యా చరిత్రను సాధారణంగా అక్కడినుండే ఆరంభిస్తాం. ఆ కథనంలో స్త్రీ చదువును స్వీకరించే వ్యక్తిగా కనిపిస్తుందే తప్ప దాన్ని నిర్వహించే వ్యక్తిగా కనిపించదు. స్త్రీలే సంఘాలు పెట్టి, తరగతులు నడిపి, గ్రంథాలు రచించిన కాలానికి వచ్చేసరికి ప్రశ్న మారుతుంది. వారికి చదువు ఎవరు చెప్పారన్నది ఒక ప్రశ్న. ఆ చదువుతో వారు ఏంచేశారు, దాన్ని ఎవరు నమోదు చేశారు అన్నది మరొక ప్రశ్న. ఈ వ్యాసం రెండవ ప్రశ్నకు చెందినది.

2. చరిత్రే వాదంగా – భండారు అచ్చమాంబ:
భండారు అచ్చమాంబ (1874–1905) పాఠశాలకు వెళ్లి చదువుకోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాహచర్యంలో చదువు నేర్చుకొని, హిందీ, మరాఠీ భాషలలోనూ ప్రవేశం సంపాదించారు. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీసమాజాన్ని నెలకొల్పారు. తెలుగునాట వెలసిన తొలి మహిళా సంఘాలలో ఇది ఒకటి.

ఆమె రచించిన ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ భారతీయ స్త్రీల జీవితచరిత్రల సంపుటి. స్త్రీలు సహజంగా అబలలనీ, బుద్ధిహీనులనీ, చదివిస్తే చెడిపోతారనీ ఆనాడు ప్రబలంగా ఉన్న వాదాన్ని ఆమె తర్కంతో మాత్రమే ఎదుర్కోలేదు. రాజ్యమేలిన, పాండిత్యం సాధించిన స్త్రీల చరిత్రలను వరుసగా నిలబెట్టి ఖండించారు. సంఘస్థాపన, గ్రంథరచన ఆమెకు వేర్వేరు పనులు కావు. స్త్రీకి సామర్థ్యం ఉందనడానికి చరిత్ర సాక్ష్యం, సంఘం ఆ సామర్థ్యానికి అభ్యాసస్థలం.

అయితే గ్రంథనామంలోని ‘సచ్చరిత్ర’ అనే పదం ఒక పరిమితిని కూడా సూచిస్తుంది. ఆదర్శప్రాయమని సమాజం అంగీకరించగల జీవితాలకే ఆ మాలలో చోటు దక్కింది. పేరులేని శ్రామిక స్త్రీ చరిత్రకు అర్హురాలు కావడానికి ఇంకా చాలా దశాబ్దాలు పట్టింది.

3. తప్పిపోయిన చదువును తిరిగి అందించడం – ఆంధ్ర మహిళా సభ:
దుర్గాబాయి (1909–1981) బాల్యంలోనే హిందీ నేర్చుకొని, ఇతర బాలికలకు నేర్పడానికి పాఠశాల నడిపారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లినప్పుడు నిరక్షరాస్యులైన స్త్రీ ఖైదీల దుస్థితిని దగ్గరగా చూశారు. విడుదలయ్యాక ఆగిపోయిన తన చదువును కొనసాగించి న్యాయవాది అయ్యారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు.

సభ తొలినాళ్లలో చేపట్టిన పనులలో ముఖ్యమైనది బాలికలను, యువతులను బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధం చేయడం. బాల్యవివాహం, వైధవ్యం, పేదరికం వంటి కారణాలతో చదువు మానిన స్త్రీని మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టలేం. ఆమె జీవితానుభవాన్ని గౌరవిస్తూ తక్కువ కాలంలో పరీక్ష స్థాయికి చేర్చే మార్గం కావాలి.

ఈ అవగాహనే తరువాత జాతీయస్థాయి పథకంగా రూపొందింది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు దుర్గాబాయి తొలి అధ్యక్షురాలు. 1958లో బోర్డు వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులను ప్రారంభించి, వాటి నిర్వహణకు స్వచ్ఛంద సంస్థలకు ఆర్థిక సహాయం అందించింది. గ్రామాలలో ఉపాధ్యాయినులు, నర్సులు, మంత్రసానులు కావలసి వచ్చారు. ఆ శిక్షణకు కనీస విద్యార్హత గల స్త్రీలు దొరకలేదు. బయటివారిని గ్రామానికి పంపడానికి బదులు గ్రామంలోని స్త్రీనే అర్హురాలిగా తయారుచేయాలన్నది ఈ కోర్సుల మూలసూత్రం. ఇక్కడ నాయకత్వమంటే వేదికమీద ప్రసంగం కాదు, ఊరిలో పదిమందికి అవసరమైన పని చేయగల అర్హత.

4. చదువులేని నాయకత్వం – స్త్రీశక్తి సంఘటన:
చదువు నుండి నాయకత్వం పుడుతుందన్న ఈ నమూనాకు తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం (1946–51) ఒక సవాలు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటను, భూమిని నిలబెట్టుకున్నది. ఆ ధైర్యానికి అక్షరజ్ఞానం ముందస్తు షరతు కాలేదు. మరి లోపించిందేమిటి? పోరాటాన్ని గురించి వెలువడిన రచనలలో స్త్రీలు ఎక్కువగా సహాయకులుగానో, త్యాగమూర్తులుగానో మాత్రమే మిగిలిపోయారు.

హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన ఈ లోటును గుర్తించి, పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి వారి మాటలను నమోదు చేసింది. అలా రూపొందిన ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వెలువడింది, 1989లో ఆంగ్లంలోనూ వచ్చింది. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, దూడల సాలమ్మ వంటివారు అందులో తమ గొంతుతోనే మాట్లాడతారు. వారు చెప్పినది విజయగాథ మాత్రమే కాదు. పోరాటం ముగిశాక తిరిగి ఇంటికి, వంటింటికి వెళ్లమన్నప్పుడు కలిగిన వేదన కూడా అందులో ఉంది. అధికారిక చరిత్రలో చోటు దొరకని అంశం ఇదే.

5. రెండూ కలిసిన చోటు – నెల్లూరు అనుభవం:
1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో ప్రభుత్వ యంత్రాంగంతోపాటు స్వచ్ఛంద కార్యకర్తలు పనిచేశారు. రాత్రిబడులు స్త్రీలకు అక్షరాలతోపాటు కలిసి కూర్చుని మాట్లాడుకునే చోటును కూడా ఇచ్చాయి. వాచకంలోని సారా పాఠం వారి ఇంటి సమస్యను ఊరి సమస్యగా మార్చింది. దూబగుంటలో మొదలైన ప్రతిఘటన రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి దారితీసింది. చదువు పూర్తయ్యాక నాయకత్వం రాలేదు. అక్షరాలు దిద్దుతూ ఉండగానే వచ్చింది.

6. ముగింపు:
పై పరిశీలన వలన తేలిన అంశాలు ఇవి.

- విద్య, నాయకత్వం, చరిత్ర వరుస మెట్లు కావు. అచ్చమాంబ విషయంలో చరిత్ర విద్యకు వాదమైంది. ఆంధ్ర మహిళా సభలో విద్య నాయకత్వానికి అర్హత అయింది. ఐలమ్మ విషయంలో నాయకత్వం చదువుకోసం ఆగలేదు.
- చదువు లేనంత మాత్రాన నాయకత్వం లేకపోదు. కానీ ఆ నాయకత్వాన్ని రాసే అధికారం ఇతరుల చేతికి పోతుంది. స్త్రీవిద్య ఆవశ్యకతకు ఇంతకంటే బలమైన కారణం అరుదు.
- నమోదు కాని నాయకత్వం తరువాతి తరానికి వారసత్వంగా అందదు. అప్పుడు ప్రతి తరమూ మొదటినుండి మొదలుపెట్టవలసి వస్తుంది.

తెలుగుశాఖలలో స్త్రీవాద పరిశోధన అధికంగా కవిత్వం, కథ, నవలల చుట్టూ సాగుతున్నది. మహిళా సంఘాల వార్షిక నివేదికలు, వసతిగృహాల ప్రవేశ పట్టికలు, సభల తీర్మానాలు, సంఘాలు నడిపిన పత్రికల సంచికలు కూడా తెలుగు వచనమే, వాటికీ పాఠ పరిశీలన అవసరమే. సంక్షిప్త కోర్సులలో చదివి ఉపాధ్యాయినులైన తొలితరం స్త్రీలు నేడు వృద్ధాప్యంలో ఉన్నారు. పత్రాలను తరువాతైనా వెతకవచ్చు, వారి జ్ఞాపకాలకు అంత గడువు లేదు. ప్రతి కళాశాల తెలుగుశాఖ తన పరిసరాలలోని ఒక్క మహిళా సంఘాన్ని ఎంచుకొని, దాని పత్రాలను సేకరించి, దానిలో చదివిన స్త్రీల మాటలను వారి మాండలికంలోనే నమోదు చేయించగలిగితే, మనకు తెలియని చరిత్రలో కొంతభాగమైనా తెలిసిన చరిత్ర అవుతుంది.